దారి మారిన పదేళ్లు వృథా కాలేదు

ఒక సంగీత బృందం నలభై ఏళ్లు నిలబడితే మనం మెచ్చుకునేది సాధారణంగా దాని పట్టుదలను. కుర్రతనంలో ఏ పాట వాయించారో తల నెరిసినా అదే వాయిస్తున్నారంటే అది నిజాయితీ అని, మధ్యలో మారితే అమ్ముడుపోయారని తీర్పు చెప్పేస్తాం. థ్రాష్ మెటల్ అభిమానుల్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో పుట్టిన క్రియేటర్ బృందం చరిత్ర ఈ తీర్పును తిరగరాయమంటోంది. 1982లో బడి వయసు కుర్రాళ్లు మొదలుపెట్టిన ఈ బృందం 2022లో పదిహేనో స్టూడియో ఆల్బమ్ విడుదల చేసింది. అభిమానులు మరిచిపోదామనుకునే తొంభైల నాటి ప్రయోగాలే ఈ బృందాన్ని బతికించాయన్నది నా వాదన.

ముందుగా వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. ఎస్సెన్ రూర్ బొగ్గు ప్రాంతపు నగరం. అక్కడి చివరి బొగ్గు గని త్సోల్‌ఫెరైన్ 1986లో మూతపడింది. క్రియేటర్ రెండో ఆల్బమ్ 'ప్లెజర్ టు కిల్' వచ్చిందీ ఆ ఏడాదే. గాయకుడు, గిటారిస్టు మిల్లే పెట్రోజ్జాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు. గిటార్ తీగలను అరచేతి అంచుతో అదిమిపట్టి శరవేగంతో మీటడం, దానికి దీటుగా రెండు కాళ్లతో బేస్ డ్రమ్ము మోగించడం, రాగం తీయకుండా గొంతు చించుకుని అరవడం థ్రాష్ పద్ధతి. ఆ ఆల్బమ్‌లో ఈ మూడూ అదుపు తప్పే అంచు దాకా వెళ్లాయి. గెల్సెన్‌కిర్షెన్ నుంచి వచ్చిన సోడమ్, వైల్ ఆమ్ రైన్ నుంచి వచ్చిన డిస్ట్రక్షన్‌లతో కలిసి క్రియేటర్ జర్మన్ థ్రాష్‌కు పెద్ద దిక్కయింది. 1990 మార్చిలో, బెర్లిన్ గోడ తెరుచుకున్న నాలుగు నెలలకే, వాళ్లు తూర్పు బెర్లిన్‌లో కచేరీ చేశారు. అదే ఏడాది వచ్చిన 'కోమా ఆఫ్ సోల్స్'తో వాళ్ల తొలి దశ పూర్తయింది.

ఆ తర్వాత కాలం తిరగబడింది. 1991లో థ్రాష్ బృందం మెటాలికా వేగం తగ్గించి లోకాన్నంతా గెలిచింది. రాక్ బృందం నిర్వాణా వచ్చి యువతరాన్ని తన వైపు తిప్పుకుంది. థ్రాష్‌కు గిరాకీ పోయింది. క్రియేటర్ ముందు రెండు దారులున్నాయి: పాత పాటనే తగ్గిపోతున్న జనానికి వినిపించడం, లేదా వెతకడం. వాళ్లు వెతికారు. 1992లో 'రిన్యూవల్'లో వేగం తగ్గించి యంత్రాల హోరు లాంటి ధ్వనిని తెచ్చుకున్నారు. 1999లో 'ఎండోరామా' దగ్గరకొచ్చేసరికి కీబోర్డులు వచ్చాయి, గోథిక్ ఛాయ వచ్చింది, పెట్రోజ్జా అరుపు పక్కనపెట్టి రాగయుక్తంగా పాడాడు. అభిమానులు మొహం తిప్పుకున్నారు. ఆ దశకంలో సభ్యులూ మారారు. మొదటి నుంచీ ఉన్న డ్రమ్మర్ వెంటోర్ కూడా కొంతకాలం బయటికి వెళ్లి వచ్చాడు.

2001లో 'వయలెంట్ రెవల్యూషన్' వచ్చింది. దాన్ని 'పాత క్రియేటర్ తిరిగొచ్చింది' అని అందరూ పండగ చేసుకున్నారు. జాగ్రత్తగా వినండి, తిరిగొచ్చింది పాత క్రియేటర్ కాదు. పేరు పాటకు ముందు చిన్న వాద్య సంగీతం ఉంది. దాన్నుంచి పాటలోకి అడుగుపెట్టగానే రెండు గిటార్లు కలిసి ఒక రాగాన్ని నెమ్మదిగా నిలబెడతాయి. గుర్తుపెట్టుకుని కూనిరాగం తీయదగ్గ రాగం అది. ఆ తర్వాతే కోపం కట్టలు తెంచుకుంటుంది. పద్దెనిమిదేళ్ల పెట్రోజ్జాకు ఇలా ఓపిక పట్టడం తెలియదు. ఎప్పుడు ఆగాలో, ఏ రాగం మీద బరువు మోపాలో అతను నేర్చుకున్నది అందరూ తిట్టిన ఆ పదేళ్లలోనే. కొత్తగా చేరిన ఫిన్లాండ్ గిటారిస్టు సామి ఊలి-సిర్నియో ఆ నేర్పుకు తోడయ్యాడు. తిరిగొచ్చాక కూడా వాళ్లు ఒకే అచ్చులో పోత పోయలేదు. 2009లో 'హోర్డ్స్ ఆఫ్ ఖేయాస్'ను బృందమంతా ఒకే గదిలో కలిసి వాయిస్తూ చాలావరకు నేరుగా రికార్డు చేశారు. బృందం పుట్టిన 35 ఏళ్లకు, 2017లో, 'గాడ్స్ ఆఫ్ వయలెన్స్' జర్మనీ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మారకుండానే నిలబడ్డవాళ్లు లేరా అని మొదటి ప్రశ్న. అందరూ చూపించే పేర్లు స్లేయర్, ఓవర్‌కిల్. కానీ ఓవర్‌కిల్ 1993లో 'ఐ హియర్ బ్లాక్'లో వేగం తగ్గించింది, స్లేయర్ 1998లో 'డయబోలస్ ఇన్ మ్యూజికా'లో అప్పటి కొత్త పోకడల వైపు మొగ్గింది. మారనివాళ్లన్న పేరున్నవాళ్లే మారారు. రెండో అభ్యంతరం, 2001 నాటి మలుపు వ్యాపార లెక్క అన్నది. జనం అడిగింది ఇవ్వడమే లెక్కయితే 1986 నాటి పాటలకు నకళ్లు తీస్తే సరిపోయేది. ఇప్పటికీ పాత పాటల మీదే కచేరీలు నడిచేవి. కానీ క్రియేటర్ కచేరీల్లో 'ప్లెజర్ టు కిల్' పక్కన 'ఎనిమీ ఆఫ్ గాడ్', 'ఫాంటమ్ యాంటీక్రైస్ట్' లాంటి ఈ శతాబ్దపు పాటలు సమానంగా నిలబడుతున్నాయి. 2012లో బెంగళూరుకు వచ్చినప్పుడు వాళ్లు జ్ఞాపకాలు అమ్ముకునే బృందంగా రాలేదు.

మూడో అభ్యంతరం బలమైనది: ఆ ప్రయోగాల ఆల్బమ్‌లు నిజంగానే బాగాలేవు కదా? కొన్ని బాగాలేవు, ఒప్పుకోవాల్సిందే. 'రిన్యూవల్'లో ధ్వని పొడిబారిపోయింది, 'ఎండోరామా'లో కొన్ని పాటలు ఎటూ తేలకుండా ముగుస్తాయి. కానీ ఒక కళాకారుడి పనిని ఆల్బమ్‌కొక మార్కు వేసి కూడితే అతను చేసిన ప్రయాణం లెక్కలోకి రాదు. తడబడిన పాటలో నేర్చుకున్నది తర్వాతి మంచి పాటలో పలుకుతుంది. మనం మాత్రం ఆ తడబాటుకు శిక్ష వేసి, దాని ఫలితానికి చప్పట్లు కొడతాం. ఇది అన్యాయం. థ్రాష్‌కే కాదు, ఏ కళకైనా అన్యాయమే. మారినందుకు తిట్టే అభిమానం కళాకారుడిని మ్యూజియంలో పెట్టాలని చూస్తుంది.

క్రియేటర్‌ను కొత్తగా వినదలచినవారికి నా మనవి ఒక్కటే. 'కోమా ఆఫ్ సోల్స్', 'ఎండోరామా', 'వయలెంట్ రెవల్యూషన్' అదే వరుసలో వినండి. మధ్యదాన్ని దాటేయకండి. అది లేకపోతే మూడోది పుట్టేదే కాదు.