గాలితో రంగేస్తే దొంగతనమేనా?

"ఓ, ఏర్ బ్రష్షా? చీటింగన్నమాట!"

పోయిన నెలలో మా ఊరి చర్చి హాల్లో బొమ్మలకి రంగులేసేవాళ్ళ పోటీ ఒకటి జరిగింది. మా ఊరంటే తెనాలి కాదు లెండి, ప్రస్తుతం ఉద్యోగం వెలగబెడుతున్న ఇంగ్లండులోని ఊరు. రెండు నెలలపాటు రాత్రిళ్ళు కూర్చుని రంగులేసిన నా రాక్షసుణ్ణి అట్టపెట్టెలో దూదిపెట్టి మరీ మోసుకెళ్ళాను. జడ్జిగారు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పై మాట అని, నవ్వి కింద పెట్టేశాడు. నవ్వుతూనే అన్నాడు, నిజమే. కానీ మార్కుల కాగితంలో "చేతి నైపుణ్యం" అన్న గడిలో మాత్రం 10కి 4 వేశాడు. అది నవ్వుతూ వేసింది కాదు.

ఓడిపోయిన ఉక్రోషం అనుకునేరు. కొంచెం ఉంది, కాదనను :) కానీ అసలు సంగతి అది కాదు. గెలిచిన బొమ్మ నా దానికంటే బావుంది, నేనే వెళ్ళి చేయి కలిపి వచ్చాను. నా బాధల్లా ఆ 4 గురించి, దాని వెనకాల ఉన్న వాదన గురించి.

సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వార్‌హామర్ అని ఒక బల్లమీద యుద్ధాల ఆట ఉంది. నాటింగ్‌హామ్‌లో ఉన్న గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ దీని బొమ్మలు అమ్ముతుంది. విడివిడి ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. మనమే అతికించుకుని మనమే రంగులేసుకోవాలి. మామూలు సైనికుడు మూడు సెంటీమీటర్లుంటాడు. 2020లో మెగా గార్గంట్ అని ఒక రాక్షసుణ్ణి దించారు. దాదాపు జానెడు ఎత్తు, బానపొట్ట, ఒంటినిండా ఎక్కడ చూసినా చర్మమే. వంద పౌండ్ల పైమాటే. నేను తీసుకెళ్ళింది వాణ్ణే.

ఇక ఏర్ బ్రష్ అంటే కొత్త మాయాయంత్రమేం కాదు. అమెరికాలో అబ్నర్ పీలర్ అనే ఆయన 1879లోనే దీని తొలి రూపాల్లో ఒకటి తయారుచేశాడు. 1890లలో చార్లెస్ బర్డిక్ పేటెంటు తీసుకున్నది దాదాపు ఇప్పుడు మనం వాడే పెన్నులాంటి రూపం. మధ్యలో సన్నటి సూది, దాని మొనకి నాజిల్, వెనక కంప్రెసర్ నుంచి గాలి. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. వేలు ఎంత లాగిందన్నదాన్నిబట్టి వెంట్రుకంత గీతయినా వస్తుంది, అరచేయంత మబ్బయినా వస్తుంది. దీన్ని చూసి మూతి విరవడమూ కొత్త కాదు. 1919 ప్రాంతంలో మాన్ రే దీంతో చిత్రాలు వేస్తే, యంత్రంతో కళని దిగజార్చాడన్నారు. అంటే మా జడ్జిగారు వందేళ్ళు ఆలస్యంగా వచ్చారు, అంతే.

"మీట నొక్కితే బొమ్మ అయిపోతుంది" అనేవాళ్ళందరికీ నాదొక చిన్న విన్నపం. ఒక్క శనివారం నా కంప్రెసర్ తీసుకోండి. రంగు పాలంత పల్చగా కలపాలి. ఇంకాస్త చిక్కనైతే నాజిల్ పూడుకుపోతుంది, ఇంకాస్త పల్చనైతే సాలీడు కాళ్ళలా నాలుగు వైపులా పారుతుంది. గాలి 15 నుంచి 20 పీఎస్ఐ పెట్టుకుని, బొమ్మకి మరీ దూరంగా పట్టుకుంటే రంగు దారిలోనే ఎండిపోయి గరుకు కాగితంలా అంటుకుంటుంది. మరీ దగ్గరగా పట్టుకుంటే మడుగు కడుతుంది. ఎక్రిలిక్ రంగు సూది మొన మీదే ఎండిపోయి, సరిగ్గా మొహం మీద పని చేస్తున్నప్పుడే తుప్పుమని ఉమ్ముతుంది. నాకు మొదటి రెండు నెలలు రంగెయ్యడం కన్నా సూది కడగడమే ఎక్కువ. చీటింగంటే సులువుగా ఉండాలి కదండీ? ఇదేం చీటింగు?

మరెందుకు వాడటం అంటారా? ఆ పొట్ట కోసం. మూడు సెంటీమీటర్ల సైనికుడి మీద కుంచెని మించింది లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ అరచేయంత చర్మం మీద ముదురు ఊదా నుంచి గోధుమ, అక్కణ్ణుంచి లేత గులాబీకి ఎక్కడా అంచు తెలియకుండా వెళ్ళాలంటే కుంచె మొరాయిస్తుంది. ఎక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. సగం చేసేసరికి మిగతా సగం ఎండి కాఫీ కప్పు మరకల్లా అంచులు తేలతాయి. కుంచెతో చేయలేరని కాదు, చేసే మహానుభావులున్నారు, వాళ్ళకి దండం. గాలితో ఆ మార్పు సహజంగా వస్తుంది అంటున్నానంతే.

కానీ ఆ నీడ ఎక్కడ పడాలో కంప్రెసర్‌కి తెలుసా? వెలుగు పైనుంచి వస్తోందని నేను అనుకున్నాను. అందుకే ముందు అంతా నల్లగా పూసి, తర్వాత నడినెత్తి మీంచి తెలుపు కొట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డ మనిషి మీద ఎక్కడెక్కడ వెలుగు పడుతుందో అక్కడ మాత్రమే. మోకాళ్ళ దగ్గర ఎరుపు, కళ్ళ కింద నీలం, పొట్ట కింద ఊదా... అవన్నీ నేను ఎంచుకున్నవే. గురి తప్పితే తప్పు నాదే. మరి ఒప్పు నాది ఎందుకు కాదు?

ఇంకో లెక్క. ఆ బొమ్మ మీద ఏర్ బ్రష్ పని మొత్తం ఐదు గంటలు. కుంచె పని నలభై గంటలు. తోలు పట్టీలు, గోళ్ళు, పళ్ళు, తాళ్ళు, కనుపాపలు, నడుముకి వేలాడే పుర్రెలు అన్నీ కుంచెతోనే. గాలి చెదురుతుంది కదా, పట్టీ మీద కొడితే పక్కనున్న చర్మం మీద కూడా పడుతుంది. ఆ నలభై గంటలకి కూడా కలిపి 4 వేశాడు పెద్దమనిషి. కంపైలర్ వాడాడు కాబట్టి వీడు ప్రోగ్రామర్ కాదన్నట్టుంది.

అసలు ఇక్కడ మార్కులు కష్టానికా, బొమ్మకా? కష్టానికే అయితే కళ్ళకి గంతలు కట్టుకుని రంగేసినవాడికి మొదటి బహుమతి ఇవ్వాలి.

"చేతిపనిని యంత్రం మింగేస్తుంది, అందుకే మా భయం" అని ఆ హాల్లోనే ఒకాయన మర్యాదగా అన్నాడు. ఈ మాటకి మాత్రం నేను నవ్వలేను. మా నాన్న తెనాలిలో సైన్ బోర్డు ఆర్టిస్టు. కిరాణా కొట్లు, ఫ్యాన్సీ షాపులు, లారీల వెనకాల అక్షరాలు, ఎలక్షన్లొస్తే గోడలు. నేను ఇంజనీరింగ్ చదువుతుండగా ఫ్లెక్సీలొచ్చాయి. నాన్న రెండు రోజులు వేసే బోర్డు సాయంత్రానికల్లా మిషన్లోంచి చుట్టగా వచ్చేసేది. మూడేళ్ళలో కొట్టు మూసి ఇళ్ళకి పెయింటింగు పనికి వెళ్ళాడు. నా ఆఖరి ఏడాది ఫీజు ఆ డబ్బులే. చేతిపనిని యంత్రం మింగితే ఎలా ఉంటుందో నాకు ఇంగ్లండులో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

కాబట్టే తేడా తెలుసు. ఫ్లెక్సీకి మా నాన్న అక్కర్లేదు. ఏర్ బ్రష్‌కి నేను అక్కర్లేకపోతే అది గాలి పంపు, అంతే. గీత గీయాల్సింది అక్కడ. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ళు 1987 నుంచి నడిపే గోల్డెన్ డీమన్ పోటీలో 2024లో గెలిచిన ఒక బొమ్మ వెనకాల ఏఐతో చేసిన దృశ్యం ఉందని పెద్ద రచ్చ జరిగింది. తర్వాత నియమాల్లో ఏఐని నిషేధించారు. మంచి పని చేశారు. ఏర్ బ్రష్‌ని మాత్రం నిషేధించలేదు. అంత పెద్ద పోటీవాళ్ళకి తెలిసిన తేడా మా చర్చి హాలుకి తెలియకపోతే ఎలా?

న్యాయంగా ఒప్పుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఖర్చు. మంచి కంప్రెసరూ పెన్నూ కొనాలంటే మొదటి బొమ్మ వేసే కుర్రాడికి భారమే. "ఏర్ బ్రష్ లేకపోతే పెద్ద బొమ్మ ముట్టుకోకు" అని కొత్తవాళ్ళని బెదిరించే మా జట్టువాళ్ళు కూడా ఆ జడ్జిగారికి తమ్ముళ్ళే. రెండు, ఊపిరితిత్తులు. సీసా మీద విషరహితం అని రాసుంటే తాగినా ఫర్వాలేదన్నట్టు మాట్లాడతారు. చర్మానికి తగలడం వేరు, పొగమంచులా చేసి పీల్చడం వేరు. మాస్కు పెట్టుకోండి, గాలి బయటికి పోయే ఏర్పాటు చేసుకోండి. దీని మీద ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

పోటీ అయ్యాక వీడియోలో నాన్నకి బొమ్మ చూపించాను. మార్కుల సంగతీ చెప్పాను. కాసేపు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఒరేయ్, దసరాకి నాటకాల తెర మీద ఆకాశం వెయ్యాలంటే ఫ్లిట్ పంపులో నీలం పోసి కొట్టేవాణ్ణి. అంత గుడ్డ కుంచెతో ఎవడు పూస్తాడు? మబ్బులు మాత్రం కుంచెతోనే" అన్నాడు.

నాకీ సంగతి ఇన్నేళ్ళూ తెలియదు. దోమల మందు కొట్టే పంపుతో ఆకాశం!

తర్వాత, "ఎడమ మోకాలు నీడ తప్పింది, చూసుకో" అన్నాడు. చూస్తే నిజంగానే తప్పింది. జడ్జిగారు మార్కులు తగ్గించాలనుకుంటే దానికి తగ్గించి ఉండాల్సింది, నోరెత్తేవాణ్ణి కాదు. వచ్చే ఏడాది మళ్ళీ వెళ్తున్నాను. మోకాలు సరిచేసుకుని, కంప్రెసర్ సంగతి కార్డు మీద పెద్దక్షరాలతో రాసిపెట్టి మరీ.