చోటు మారినా మారని గుర్తు

ఒకే తరగతిలో ఒకే పేరు గలవారు ముగ్గురుండడం మనవంటి కళాశాలలో వింత కాదు. వారు కూర్చున్న బల్లను బట్టి గుర్తుంచుకొన్న అధ్యాపకుడు మరునాడే పొరపడును. హాజరు పట్టీలోని సంఖ్య ఒక్కటే నమ్మదగినది. విద్యాసంస్థల సమాచారాన్ని మోస్తున్న సర్వర్ యంత్రాలకూ ఈ సత్యమే వర్తిస్తున్నదని విద్యార్థులకు, కమిటీ పెద్దలకు మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం.

సర్వర్‌లో నాలుగో, ఎనిమిదో, పన్నెండో హార్డ్ డిస్కులు వరుసగా ఉంటాయి. చూపునకు అన్నీ ఒక్కటే. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 'రెయిడ్' పద్ధతిని వివరించారు. అందులోని ఐదవ తరహాలో ఒక డిస్కు చెడినా సమాచారం నిలుస్తుంది. రెండవది కూడా పోతే నిలవదు. కనుక చెడినదానిని తీయబోయి పక్కనున్న మంచిదానిని పెరికితే, యంత్రం చేయని నష్టాన్ని మన చేయి చేసినట్లగును. మార్కుల పట్టికలు, ఫీజుల లెక్కలు, ఉర్దూ తెలుగు సంచికల ప్రతులు ఒక్క క్షణంలో ప్రమాదంలో పడగలవు.

చిక్కు ఎక్కడున్నది? లినక్స్ వ్యవస్థ డిస్కులకు 'ఎస్‌డిఎ', 'ఎస్‌డిబి' అని తాను కనుగొన్న క్రమంలో పేర్లు పెడుతుంది. యంత్రాన్ని ఆపి మరల నడిపినా, కొత్త డిస్కు చేర్చినా ఆ పేర్లు తారుమారు కావచ్చు. అవి బల్ల వరుస వంటివే.

మన శృంగవరపుకోట మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తెచ్చే గూడ్సుబండిలో నేటి పదవ వ్యాగను రేపు నలభైయవది కావచ్చు. అందుకే రైల్వేవారు ప్రతి వ్యాగనుపై 11 అంకెల సంఖ్య వ్రాయిస్తారు. అందు చివరి అంకె మిగిలినవాటిని సరిచూచుకొనుటకే. వ్యాగను ఎచటికి పోయినా ఆ సంఖ్య దానిని వీడదు.

డిస్కుకూ అట్టి సంఖ్య ఉన్నది. తయారీదారు అంటించిన చీటీపై సీరియల్ నంబరు ఉంటుంది; కంప్యూటర్‌ను అడిగినా అదే చెబుతుంది.

డిస్కు ముందరి దీపాన్ని వెలిగించి గుర్తింపవచ్చును గదా అని కొందరనవచ్చు. మంచిదే, కాని ఆ సౌకర్యం అన్ని యంత్రాలకూ లేదు. పైగా పూర్తిగా మూగబోయిన డిస్కు తన సంఖ్యను చెప్పలేదు. ఆరోగ్యంగా ఉన్ననాడే అడిగి వ్రాసికొనవలె.

కావున నా సూచన ఇది: ప్రతి డిస్కు అర ముందుభాగాన దాని సీరియల్ నంబరు చీటీ అంటించాలి. అర సంఖ్య, సీరియల్ నంబరు, అమర్చిన తేదీ, తీసిన తేదీ ఒక రిజిస్టరులో వ్రాయాలి. ఆ రిజిస్టరు కాగితంపైనే ఉండాలి; సర్వర్‌లోనే దాచితే, పెట్టె తాళం పెట్టెలోనే పెట్టినట్లగును. డిస్కు తీసేముందు ఒకరు చదువగా మరొకరు సరిచూడాలి. వేరొక చోట మరొక ప్రతి ఉంచడం ఎలాగూ తప్పదు. రెయిడ్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

దీనికి వ్యయం ఒక నోటుపుస్తకం, ఒక మధ్యాహ్నపు శ్రమ. కమిటీ పెద్దలు ఈ వేసవి సెలవులలోనే అనుమతించి, ఈ పనిని కంప్యూటర్ విద్యార్థులకు అప్పగింతురని ఆశిస్తున్నాను. పాఠ్యపుస్తకం నేర్పని జాగ్రత్తను వారు ఆ పనిలోనే నేర్చుకొనగలరు.