డబ్బా ముందు బొమ్మ కాదు, వెనక రాత చదువుదాం

కోతలు ముగిసి ట్రాక్టరుకు నాలుగు రోజులు విశ్రాంతి దొరికితే, ఆయిల్ షాపుల దగ్గర ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. "గేర్ బాక్స్ ఆయిల్ మార్చాలి, ఏ కంపెనీది మంచిది?" అని రైతు అడుగుతాడు. షాపులో ఉన్న డబ్బా బల్ల మీదకు వస్తుంది. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అడిగాను. ఆ ప్రశ్నే తప్పని తెలుసుకోవడానికి నాకు ఒక ప్రమాదం దాకా వెళ్లాల్సి వచ్చింది.

నా పాత ట్రాక్టరుకు డ్రై బ్రేకులు. దానికి ఎప్పుడూ 90 నంబరు ఆయిలే పోసేవాణ్ణి, ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత కొన్న బండికి ఆయిల్ బ్రేకులు. మొదటిసారి ఆయిల్ మార్చినప్పుడు అలవాటు కొద్దీ మళ్లీ 90 నంబరే తెచ్చాను. పేరున్న కంపెనీదే, సీలు ఉన్న డబ్బాయే. ధాన్యం బస్తాలతో వంతెన దిగుతూ బ్రేకు తొక్కితే వెనక నుంచి గుర్రుమని మోత వచ్చింది. బండి అదిరింది కానీ ఆగాల్సిన చోట ఆగలేదు. పక్కన కాలువ, వెనక ట్రక్కు మీద ఇద్దరు కూలీలు. చిన్న గేరులో ఉన్నాం కాబట్టి ఇంజనే పట్టి ఆపింది. మరునాడు మెకానిక్ ఆయిల్ చూసి ఒకే మాట అన్నాడు: "బాబాయ్, ఆయిల్ మంచిదే. నీ బండికి కాదు."

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మాటే. ముందు చూడాల్సింది రకం. బ్రాండు ఆ తర్వాత సంగతి.

కారుకూ ట్రాక్టరుకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. కారులో గేర్ బాక్సు ఆయిల్ గేర్ బాక్సు పని మాత్రమే చేస్తుంది. బ్రేకుల సంగతి వేరే ద్రవం చూసుకుంటుంది. మన ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లు, డిఫరెన్షియల్, నాగలిని ఎత్తే హైడ్రాలిక్, ఆయిల్ బ్రేకులు అన్నీ ఒకే హౌసింగులో, ఒకే ఆయిల్‌లో తిరుగుతాయి. గేర్ల పళ్లు అరగకుండా ఆ ఆయిల్ జారుడునివ్వాలి. బ్రేకు ప్లేట్ల మధ్య మాత్రం పట్టునివ్వాలి. హైడ్రాలిక్ పంపులోకి తేలిగ్గా పారాలి. ఈ మూడు పనులూ చేసేలా తయారుచేసిన ఆయిల్‌నే యూ.టి.టి.ఓ. అంటారు. కొన్ని డబ్బాల మీద వెట్ బ్రేక్ ఆయిల్ అని ఉంటుంది. మామూలు 90 నంబరు ఆయిల్‌లో బ్రేకు ప్లేట్లకు కావలసిన మందు కలపరు. అందుకే ఆ మోత, ఆ అదురు.

నంబరు గురించి కూడా మనలో ఒక అపోహ ఉంది. 80, 90, 140 అనేవి ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే అంకెలు మాత్రమే. నాణ్యతను చెప్పవు. పైగా గేర్ ఆయిల్ లెక్క వేరు, ఇంజన్ ఆయిల్ లెక్క వేరు. 90 నంబరు గేర్ ఆయిల్, 40 లేదా 50 నంబరు ఇంజన్ ఆయిల్ చిక్కదనంలో ఇంచుమించు ఒకటే. నంబరు పెద్దదైతే ఆయిల్ గట్టిదనుకుని ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

నంబరు పక్కన జీఎల్-4, జీఎల్-5 అని మరో రాత ఉంటుంది. భారాన్ని తట్టుకునే మందు ఎంత కలిపారో అది చెబుతుంది. 5 అంటే 4 కన్నా మేలు కదా అని చాలామంది అనుకుంటారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. కొన్ని గేర్ బాక్సుల్లోని ఇత్తడి, కంచు భాగాలను అవి తినేసే ప్రమాదం ఉంది. పొలానికి యూరియా ఎక్కువ వేస్తే పంట ఎక్కువ రానట్టే ఇదీ. బండి ఎంత అడిగితే అంతే పోయాలి.

పిల్లలు కొనుక్కున్న కార్ల విషయంలోనూ ఇదే సూత్రం. ఆటోమేటిక్ కారుకు ఎర్ర రంగు ట్రాన్స్‌మిషన్ ద్రవం పోస్తారు. సీవీటీ గేర్ బాక్సుకు దాని ద్రవం వేరు. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు. డెక్స్రాన్-3 అన్న పేరు ఇప్పటికీ డబ్బాల మీద కనిపిస్తుంది. కానీ ఆ ప్రమాణానికి జనరల్ మోటార్స్ ఇచ్చిన లైసెన్సులు 2006 చివరికే ముగిశాయి. కాబట్టి డబ్బా మీద పేరు ఉన్నంత మాత్రాన దాన్ని ఎవరో పరీక్షించారని కాదు. "ఆమోదం పొందింది" అన్న మాటకూ "తగినది" అన్న మాటకూ తేడా ఉంది. మొదటిది బండి కంపెనీ ఇచ్చిన మాట. రెండోది ఆయిల్ అమ్మేవాడు తనకు తానే చెప్పుకున్న మాట.

అయితే బ్రాండుకు విలువే లేదా? ఉంది. పేరున్న కంపెనీ డబ్బా సీలుతో, బ్యాచ్ నంబరుతో, బిల్లుతో కొంటే కల్తీ భయం తగ్గుతుంది. రేపు గేర్ బాక్సు పాడైతే అడగడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది. లూజు ఆయిల్ ఎంత చవకైనా కొనకూడదు. కానీ ట్రాక్టరు పుస్తకంలో రాసిన రకానికి సరిపోయే ఆయిల్‌ను నాలుగు మంచి కంపెనీలు అమ్ముతుంటే, వాటిలో ధర చూసి ఎంచుకోవడం మన హక్కు. ట్రాక్టరు కంపెనీ పేరుతో వచ్చే ఆయిల్‌ను కూడా మామూలుగా ఆయిల్ కంపెనీలే తయారుచేసి ఇస్తాయి.

ఇక్కడే డీలరు నోట "మా ఆయిల్ పోయకపోతే వారంటీ పోతుంది" అన్న మాట వస్తుంది. డీలరు వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. తప్పుడు ఆయిల్ పోసి బ్రేకులు పాడుచేసుకుని కంపెనీని అడగడం సరికాదు. నేను చేసిన పనికి ఎవరినీ నిందించలేను. కానీ సరైన రకం పోసి, బిల్లు దాచుకున్న రైతును కూడా అదే మాటతో బెదిరించడం వేరే సంగతి. కార్ల విషయంలో ఈ తగువు ఇప్పటికే తేలింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను బయట దొరకనీయకపోవడం అందులో ప్రధాన ఆరోపణ. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని ఆదేశించింది. కొన్ని కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. అయినా ఆ సూత్రం న్యాయమైనది. అది ట్రాక్టరుకు ఎందుకు వర్తించకూడదు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు, మొదట తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి. ఆ ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెరిచారు. కానీ పోర్టల్ వేరు, చట్టం వేరు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కుకు 2023లో చట్టమే చేసి, 2024 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. అక్కడి రైతు అడిగి సాధించుకున్నాడు. మనం ఇంకా అడగడమే మొదలుపెట్టలేదు.

పన్ను సంగతీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. మంచిదే. కానీ అదే ట్రాక్టరులో పోసే ఆయిల్ మీద 18 శాతం అలాగే ఉంది. ట్రాక్టరు ఒక్కసారి కొంటాం. ఆయిల్ బండి ఉన్నంత కాలం కొంటూనే ఉంటాం.

ప్రభుత్వాన్ని అడిగేవి అడుగుతూనే మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాలి. ట్రాక్టరు పుస్తకం తీసి, ఏ రకం ఆయిల్, ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలకు మార్చాలి అన్న మూడు సంగతులు మడ్‌గార్డు లోపలి వైపు పెయింటుతో రాయించండి. పుస్తకం పోతే డీలరును అడిగి కాగితం మీద రాయించుకోండి. వేరే రకం ఆయిల్‌ను పైపైన కలపకండి. దమ్ము అయిన ప్రతిసారీ ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే సీళ్ల గుండా నీళ్లు చేరినట్టే. అప్పుడు ఎంత ఖరీదైన బ్రాండు పోసినా గేర్లను కాపాడదు. ముందు సీళ్లు మార్పించి, తర్వాత ఆయిల్ మార్చాలి. డ్రెయిన్ బోల్టుకు నల్లటి మెత్తని పొడి అంటుకుంటే అది మామూలు అరుగుదల. ఇనుప ముక్కలు కనిపిస్తే బండిని తోలకుండా మెకానిక్‌కు చూపించండి.

గ్రామ కమిటీలకు ఒక సూచన. ఒకే రకం ఆయిల్ కావలసిన అయిదారు ట్రాక్టర్లు ఊళ్లో ఉంటే, 210 లీటర్ల బ్యారెల్ కలిసి కొని పంచుకోవచ్చు. విడి డబ్బాల కన్నా లీటరు ధర కలిసివస్తుంది. బిల్లు, బ్యాచ్ నంబరు కమిటీ దగ్గర ఉంటాయి. బ్యారెల్ సీలు మాత్రం అందరి ఎదుట తీయాలి.

సంఘం తరఫున మూడు డిమాండ్లు పెట్టాలని నా ప్రతిపాదన. ఏ రకం ఆయిల్ పోయాలో ట్రాక్టరు మీదే తెలుగులో చెక్కిన పలక ఉండాలి. సరైన రకం పోసి బిల్లు చూపిన రైతుకు, ఏ కంపెనీ ఆయిల్ వాడినా వారంటీ ఇవ్వాలని చట్టం రావాలి. ట్రాక్టరు ఆయిల్ మీద జీఎస్టీని కూడా 5 శాతానికి తేవాలి. వచ్చే మండల సమావేశాల్లో వీటిని చర్చకు పెట్టండి.

విత్తనం కొనేటప్పుడు సంచి మీది బొమ్మ చూసి మోసపోయిన అనుభవం మనలో ఎందరికో ఉంది. అందుకే ఇప్పుడు లాట్ నంబరు చూస్తున్నాం, బిల్లు అడుగుతున్నాం. ఆయిల్ డబ్బా దగ్గరా అదే పని చేద్దాం. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు "ఏ కంపెనీది మంచిది?" అని కాక, "నా బండి పుస్తకంలో రాసిన రకం ఉందా?" అని అడుగుదాం.