ఏం వండాలో, ఏం చూడాలో, ఏం కట్టాలో మనమే చెప్పుకుందాం

మన సాహిత్య సభల్లో రెండు రకాల సంభాషణలు నడుస్తాయి. వేదిక మీద శరీర రాజకీయాలు, అస్తిత్వం, పితృస్వామ్యం. టీ విరామంలో "ఈ చీరెక్కడ తీసుకున్నారు, రంగు పోవట్లేదా?", "ఆ సినిమా తప్పకుండా చూడవే", "గోంగూరలో ఏం కలిపావు, ఇంత బాగుంది!" మొదటిది అచ్చవుతుంది, రెండోది గాలికి పోతుంది. మాట్లాడేది ఆ మనుషులే. అయినా మొదటిదాన్ని ఆలోచన అంటాం, రెండోదాన్ని ఆడవాళ్ల కబుర్లంటాం. అలా అంటున్నది మగవాళ్లే అయితే నాకింత బాధ ఉండేది కాదు.

రచయిత్రులందర్నీ తమకిష్టమైన వంట, సినిమా, బట్ట గురించి రాయమని అడుగుదామని ఈమధ్య ఒక సమావేశంలో అన్నాను. "ఇన్నేళ్లు కొట్లాడి వంటింట్లోంచి బయటపడింది మళ్లీ అక్కడికి పోవడానికా?" అని ఒక మిత్రురాలు గట్టిగానే అడిగింది. దినపత్రికల స్త్రీల పేజీలు చూసి చూసి పుట్టిన కోపం అది. నాకూ ఉంది. కానీ ఆ పేజీలు చేసిన తప్పు వంట గురించి రాయడం కాదు.

ఆ పేజీల్లో చెప్పేదెవరు? చర్మం మెరవడానికి చిట్కాలు చెప్పే ఆ గొంతుకి ఊరుండదు, అనుభవం ఉండదు, అలసట అసలే ఉండదు. "తయారీ సమయం 20 నిమిషాలు" అని రాస్తారు. కొబ్బరి తురిమిన సమయం, చింతపండు పిసికిన సమయం, ఆఖరికి గిన్నెలు తోమిన సమయం ఆ ఇరవైలో ఉండవు. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే పురుషులు పెట్టేది 97 నిమిషాలు, అదీ చేసేవాళ్ల సగటు. చెయ్యని వాళ్లు లెక్కలోకే రారు.

పైగా అది ఎవరి వంటిల్లు? "మన సంప్రదాయ వంటలు" అన్న శీర్షిక కింద పులిహోర, బొబ్బట్లు వస్తాయి. బోటి, తలకాయ కూర, ఎండు తునకలు ఎన్నిసార్లు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే బాష్పవాయువు దాకా పోయింది వ్యవహారం. ఏం వండుకోవచ్చో చెప్పడం చిన్న విషయమని మనకెవరు చెప్పారు?

ఇప్పుడు ఫోన్లలో మళ్లీ "నేను" వచ్చింది. "నాకైతే చాలా నచ్చింది ఫ్రెండ్స్" అనే నేను. డబ్బు పుచ్చుకుని చెబుతుంటే ఆ సంగతి చెప్పితీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమాలు పెట్టాల్సి వచ్చిందంటే ఆ "నేను" ఎవరి చేతికి పోయిందో తెలుస్తూనే ఉంది. మనం చిన్నచూపు చూసి వదిలేసిన చోటుని అమ్మేవాడు ఆక్రమించుకున్నాడు.

మాలతీ చందూర్ గారిని తలచుకోండి. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో మొదలైన "ప్రమదావనం" దశాబ్దాల పాటు నడిచింది. చదువు, ఉద్యోగం, పెళ్లి, వంట అన్నీ ఒకే పేజీలో, ఒకే మనిషి జవాబులు. ఆ జవాబుల్లోని మధ్యతరగతి సర్దుబాటు మీద నాకు చాలా పేచీలున్నాయి. కానీ జవాబు చెప్పిన మనిషి పేరు కింద ఉంది, కాబట్టే పేచీ పెట్టుకోగలుగుతున్నాను. ఆవిడకి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది "హృదయనేత్రి" నవలకి. వంటల పుస్తకం మాత్రం మన విమర్శకులకి ఎప్పుడూ సాహిత్యేతరమే. ఎన్నో ఇళ్లలో నూనె మరకలతో అట్టలూడిపోయిన ఆ పుస్తకాన్ని ఒక పాఠ్యంగా చదివి పరిశోధన చెయ్యమని నా విద్యార్థినులకి చెబుతూనే ఉన్నాను.

సరే, ఊరికే వాదించడం ఎందుకు, నావి నేను చెబుతాను.

చూడమని చెప్పేది "మల్లేశం", 2019లో వచ్చిన తెలుగు సినిమా. పోచంపల్లి ఇక్కత్ చీరకి రంగులద్దేముందు ఆసు పొయ్యాలి. అంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి, ఒక్క చీరకి దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. అది ఆడవాళ్ల పని. తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసుయంత్రం కనిపెట్టి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. సినిమా సహజంగానే కొడుకు గెలుపు కథ. నేను చూడమనేది తల్లి చేతుల కోసం. ఆ వెంటనే 2021 మలయాళ చిత్రం "ది గ్రేట్ ఇండియన్ కిచెన్" చూడండి. సింకు కింద పైపు కారుతూనే ఉంటుంది, బాగు చేయించే తీరిక మొగుడికి ఉండదు. మామగారికి అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి, పచ్చడి రోట్లోనే నూరాలి. ఒక తల్లి చేతి నొప్పికి యంత్రం వచ్చింది, ఒక కోడలికి ఇంట్లో ఉన్న యంత్రాన్నే వాడనివ్వలేదు. రెండూ ఒకే వారంలో చూస్తే మంచిది.

కట్టుకోమని చెప్పేది చేనేతే, కానీ "హుందాతనం" కోసం కాదు. చేనేతని మేధావి స్త్రీల యూనిఫారం చేసేశాం మనం. ఏ సభకి వెళ్లినా కాటన్ చీరల మీద పొగడ్తలే, నేసినావిడ ఊసే లేదు. 2019-20 చేనేత గణనలో నేతకారుల్లో 70 శాతానికి పైగా స్త్రీలే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వేదీ, రాట్నం మీద సన్ననూలు వడికేదీ ఆడవాళ్లే. ఈసారి చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని అడిగాక, కండెలు చుట్టినవాళ్లకి కూలి ఎంతిచ్చారని కూడా అడగండి. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఇక వంట. వ్యాసం గడువు మీద పడ్డ రోజున పచ్చిపులుసు చెయ్యండి. చింతపండు పలుచగా పిసికి, పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి అందులో నలిపి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఉప్పు, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి వేసి పైన పోపు. మిరపకాయలు కాల్చడం, పోపు తప్ప పెద్దగా పొయ్యి పని లేదు. కాబట్టి ఇంట్లో వంట రాదనే మగమనిషి ఎవరున్నా ఈ పని అప్పజెప్పొచ్చు, చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి. నువ్వుల పొడి మాత్రం రెండు చెంచాలు మించొద్దని చెప్పండి, చిక్కబడిపోతుంది.