పురుగును రాల్చింది ఎవరు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెళ్లిళ్లలో బరాత్ గుర్రానికి దక్కే మర్యాదంతా దాని వీపు మీది జరీ గుడ్డకే. ఆ గుడ్డ ఎత్తి చూడండి. మూపు మీద జీను ఒరుసుకుపోయిన పుండు, పొట్ట కింద పట్టీ రాపిడి, నోటి మూలల్లో కళ్లెం కోత కనబడొచ్చు. ముహూర్తాలు వరసగా ఉంటే పాతది మానకముందే మళ్లీ జీను బిగుస్తుంది. పుండు ముదిరితే మాత్రం నేరం జీనుది కాదట, దిష్టిదట! వెంటనే మెడకు నల్లదారం, నిమ్మకాయలు. అదే గుర్రపు నాడాను దిష్టి తగలకుండా మన గుమ్మానికి కొట్టుకుంటాం. నాలుగు కాళ్లకూ నాడాలున్న జీవానికి దిష్టి ఎట్లా తగిలిందో ఎవరూ అడగరు.

ఇక "పుండుకు పురుగు పడ్డది, మంత్రం పెట్టియ్యాలె" అన్న మాట. ఎడ్లకూ బర్రెలకూ ఇదే వైద్యం. మంత్రగాడు పెదవులు కదిలిస్తాడు, ఓ వేరు ముక్క మెడకు కడతాడు, మూడు రోజులు ఓపిక పట్టమంటాడు. పురుగులు రాలతాయి కూడా. ఇక్కడ హేతువాది తొందరపడి అబద్ధమని కొట్టిపారేస్తే ఊరు నవ్వుతుంది. రాలడం కళ్లారా చూసినవాళ్లున్నారు. తేల్చాల్సింది, రాల్చింది ఎవరని.

బతికున్న జీవాల పుండ్ల మీద వాలే ఈగల్లో క్రైసోమియా బెజియానా అనేది మహా చెడ్డది. పుండు అంచున నువ్వులు గుమిగా అంటించినట్టు నూటికి పైగా తెల్లటి గుడ్లు పెడుతుంది. ఒక రోజులోపే అవి పగులుతాయి. పురుగులు తలలు మాంసంలోకి దించి, తోకలు బయటికి పెట్టి తింటుంటాయి. వాటి ఊపిరి రంధ్రాలు ఆ తోకల చివరనే ఉంటాయి. ఐదు నుంచి ఏడు రోజుల్లో బలిసి, వాటంతట అవే నేల మీద పడి మట్టిలోకి దూరుతాయి. గుర్రం యజమాని మంత్రగాడిని వెతికేది ఎప్పుడు? కంపు కొట్టాక, అంటే రెండు మూడు రోజులు గడిచాక. మరో మూడు రోజులు ఆగితే లెక్క సరిపోయింది. మంత్రగాడు ఈగ పంచాంగం చదువుతున్నాడన్నమాట. పాపం, ఆ సంగతి ఆయనకూ తెలియకపోవచ్చు. ఈలోగా పుండు వాసనకు కొత్త ఈగలు దిగి కొత్త గుడ్లు పెడతాయి. ఈసారి పురుగు రాలకపోతే మంత్రం తప్పినట్టు కాదు, మైల తగిలినట్టు! ఓడిపోయే దారే లేని పందెం ఇది.

గుర్రాలకు ఇంకో పుండు ఉంది. ఎండలు ముదిరిన నాటి నుంచి వానలు పోయేదాకా మానదు. బ్రిటిష్ అశ్విక దళాలవాళ్లు దీన్ని 'బర్సాతీ' అనేవారు. గుర్రం కడుపులోని హాబ్రోనీమా అనే నులిపురుగు గుడ్లు లద్దెలో పడతాయి. ఆ లద్దెలో పెరిగిన ఈగ ఆ నులిపురుగు పిల్లలను మోసుకొచ్చి పుండులో దించుతుంది. చలికాలంలో ఈగలు తగ్గితే పుండూ తగ్గుతుంది. ఆ ఘనత వానల్లో మొక్కిన మొక్కుకు పోతుంది. కొండగట్టుకు, వేములవాడకు పోవద్దని ఎవరన్నారు? ఐవర్‌మెక్టిన్ మందు చేయాల్సిన పనిని దేవుడికి అప్పజెప్పడం మాత్రం దేవుడికీ న్యాయం కాదు.

మంత్రంతో పాటు పూసే ఆకు సంగతి వేరు. సీతాఫలం ఆకులో, గాడిదగడపాకులో పురుగును చంపే గుణం ఉంది. మంత్రం లేకుండా నూరి పూసినా అది అంతే పనిచేస్తుంది. సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే చూపుకే ముప్పు, అదీ గుర్తుండాలి. పేడ, బూడిద మెత్తడం అసలు ప్రమాదం. ధనుర్వాతం గుర్రానికి సోకినంత తేలిగ్గా మరే పెంపుడు జీవానికీ సోకదు, ఆ క్రిములు పేడలో, మట్టిలోనే ఉంటాయి. సురుకు పెట్టడమంటే ఉన్న పుండుకు తోడు ఇంకో పుండు చేయడమే.

అమెరికా ఖండంలో ఇలాంటి పుండు ఈగ మీద ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అనే శాస్త్రవేత్తలు పనిచేశారు. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. మగ ఈగలను వికిరణంతో గొడ్డుపరిచి లక్షల్లో వదిలితే చాలు, పెట్టిన గుడ్లు పగలవు. 1954లో కురసావ్ దీవిలో ఆ ఈగ వంశమే లేకుండా పోయింది. వాళ్లు ఈగ బతుకును చదివారు, మనం దాని మీద మంత్రం చదువుతున్నాం.

కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. గుర్రం ఉన్నవాళ్లు ముందు పుండు మీది జీను తీసేయండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగండి. ఫినాయిల్, కిరోసిన్ పోయొద్దు. లద్దె రోజూ ఎత్తి కొట్టానికి దూరంగా వేయండి, కళ్లకు వలగుడ్డ ముసుగు కట్టండి, తోక వెంట్రుకలు కత్తిరించకండి. పురుగులను ఏరించడానికి, ధనుర్వాతం టీకాకు డాక్టర్ని పిలవండి. సంచార పశువైద్య వాహనం నంబరు 1962.