కమిషనర్ వచ్చేసరికి ఖజానా ఖాళీ

మన నగరాల చేత అప్పు చేయించే ఏర్పాట్లు చకచకా సాగుతున్నాయి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ నిబంధనే చూడండి. ప్రాజెక్టు ఖర్చులో కేంద్రం ఇచ్చేది నాలుగో వంతు వరకే. కనీసం సగం మాత్రం బాండ్లు అమ్మో, బ్యాంకు రుణం తీసుకునో, ప్రైవేటు భాగస్వామిని వెతుక్కునో సమకూర్చుకోవాలి. అప్పు చేయడమే తప్పని ఎవరూ అనరు. ముప్పై ఏళ్లు నీళ్లిచ్చే పైపులైను ఖర్చును ముప్పై ఏళ్ల పన్నుదారులు పంచుకోవడం న్యాయమే. అయితే ఆ అప్పు చెడితే ఏమిటి గతి అని అడిగితే మన దగ్గర వినిపించే జవాబు ఒక్కటే: పైన ప్రభుత్వం ఉందిగా, చూసుకుంటుందిలే. ఆ ధీమా ప్రమాదకరం. పైన ప్రభుత్వం 'చూసుకోవడం' ఎలా ఉంటుందో ఇంగ్లండ్‌లో కొన్నేళ్లుగా కళ్లముందే కనిపిస్తోంది.

11 లక్షలకు పైగా జనాభా, 101 మంది కౌన్సిలర్లు ఉన్న బర్మింగ్‌హామ్ సిటీ కౌన్సిల్‌ను యూరప్‌లోకెల్లా పెద్ద స్థానిక సంస్థ అంటారు. 2023 సెప్టెంబర్ 5న అక్కడి ఫైనాన్స్ అధికారి సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు. ఇది 1988 నాటి స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టంలోని అధికారం. చేయబోయే ఖర్చుకు వచ్చే రాబడి సరిపోదని తేలితే కౌన్సిల్ నాయకుల ఇష్టాయిష్టాలతో పనిలేకుండా ఆ అధికారి నోటీసు ఇచ్చి తీరాలి. ఆ క్షణం నుంచి కొత్త ఖర్చు బంద్. చట్టప్రకారం తప్పనిసరిగా చేయాల్సినవి మాత్రమే సాగుతాయి. 21 రోజుల్లోగా కౌన్సిల్ కూర్చుని దారి వెతకాలి. మన మున్సిపల్ చట్టాల్లో అకౌంట్స్ అధికారికి ఇలా ఒక్క కాగితంతో ఖర్చంతా నిలిపేసే అధికారం లేదు. చెక్కు మీద సంతకం పెట్టనని మొండికేస్తే బదిలీ ఉత్తర్వు వస్తుంది, అంతే.

బర్మింగ్‌హామ్‌ను ముంచినవాటిలో ప్రధానమైనవి రెండు. మొదటిది సమాన వేతనం బాకీ. చెత్త ఎత్తేవారివంటి మగవాళ్ల ఉద్యోగాలకు బోనస్‌లు ఇచ్చి, అదే స్థాయిలో ఉన్న వంటమనుషులు, ఊడ్చేవాళ్లు, సంరక్షకులైన ఆడవాళ్లకు ఎగ్గొట్టారు. 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి మహిళలు గెలిచారు. వంద కోట్ల పౌండ్లకు పైగా చెల్లించాక కూడా తీరని బాకీ ఇంకా 65 నుంచి 76 కోట్ల పౌండ్లు ఉందని 2023లో కౌన్సిలే ప్రకటించింది.

రెండోది కంప్యూటర్ వ్యవహారం. పాత అకౌంటింగ్ వ్యవస్థ తీసేసి 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్ పెట్టారు. మొదట అనుకున్న ఖర్చు 1.9 కోట్ల పౌండ్లు. అది పది కోట్లు దాటిపోయింది. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, బ్యాంకులోకి వచ్చిన సొమ్ము ఎవరిది, ఏ పద్దు కిందిది అని సరిపోల్చే భాగం పనిచేయకపోవడం మరో ఎత్తు. ఇంత పెద్ద నగరపాలక సంస్థలో సిబ్బంది కూర్చుని జమలను చేత్తో సరిచూసుకోవాల్సి వచ్చింది. వచ్చిందెంత, పోయిందెంత అని నమ్మకంగా చెప్పగలిగే లెక్క లేకుండానే కౌన్సిల్ నెలల తరబడి నడిచింది.

నోటీసు వచ్చి నెల తిరిగేసరికి లండన్ నుంచి కమిషనర్లు దిగారు. 1999 చట్టం ప్రకారం మంత్రి వాళ్లకిచ్చిన గడువు ఐదేళ్లు. కౌన్సిల్ ఆర్థిక వ్యవహారాలు, పెద్ద అధికారుల నియామకాలు వాళ్ల అదుపులోకి వెళ్లాయి. వాళ్ల ఫీజులు కట్టేది కూడా దివాలా తీసిన ఆ కౌన్సిలే. ఇది తమాషా కాదు, అక్కడి పద్ధతే అంత.

మరి లండన్ ఏమిచ్చింది? ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. 'అసాధారణ ఆర్థిక సహాయం' అన్న పేరు వినగానే గ్రాంటు అనుకుంటాం. అందులో గ్రాంటు లేదు. బర్మింగ్‌హామ్‌కు 125 కోట్ల పౌండ్ల దాకా అనుమతి మాత్రమే దొరికింది. మామూలుగా భవనాలకూ రోడ్లకూ మాత్రమే వాడాల్సిన అప్పు సొమ్మును, ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్మును జీతాలకూ రోజువారీ ఖర్చులకూ వాడుకోవచ్చన్న అనుమతి అది. తేటతెలుగులో అప్పు చేసి పప్పు కూడు తినడానికి సర్కారు ముద్ర. అందుకు ప్రతిగా కౌన్సిల్ 75 కోట్ల పౌండ్ల ఆస్తులు అమ్మకానికి పెట్టింది.

మిగతా భారం జనం మీద పడింది. ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా కౌన్సిల్ ట్యాక్స్‌ను ఏటా అయిదు శాతానికి మించి పెంచకూడదన్నది అక్కడి నియమం. బర్మింగ్‌హామ్‌కు లండన్ సడలింపు ఇచ్చింది. 2024లో 9.99 శాతం, ఆ మరుసటి ఏడు 7.49 శాతం పెరిగింది. ఇలాగే చితికిన మరో రెండు కౌన్సిళ్లలోనూ ఇంతే: క్రాయిడన్‌లో 2023లో ఒక్క దెబ్బకు 14.99 శాతం, అదే ఏడు స్లౌలో 9.99 శాతం వడ్డించారు. ఈ ఊళ్లలో ఇల్లు కొనుక్కునో, అద్దెకు దిగో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలకు ఆ బిల్లు వార్త రూపంలో కాదు, ఇంటికి కవరు రూపంలో వచ్చింది. పన్ను పెరిగి సేవ తరిగింది. బర్మింగ్‌హామ్‌లో వీధిదీపాల వెలుగు తగ్గించారు, గ్రంథాలయాలు కుదించారు, కళాసంస్థల గ్రాంట్లు పూర్తిగా ఆపేశారు.

2025లో చెత్త కార్మికుల సమ్మె వచ్చింది. కారణం మళ్లీ పాత బాకీయే. బండి మీద ఉండే ఒక ఉద్యోగ హోదా కొత్త సమాన వేతన దావాలకు దారితీస్తుందని కౌన్సిల్ దాన్ని రద్దు చేసింది. జీతం కోతపడే కార్మికులు ఒప్పుకోలేదు. జనవరిలో అంచెలంచెలుగా మొదలై మార్చి 11 నుంచి పూర్తి సమ్మెగా మారింది. నెలాఖరుకు రోడ్ల మీద 17 వేల టన్నుల చెత్త పేరుకుపోయి కౌన్సిల్ అత్యవసర స్థితి ప్రకటించింది. స్పార్క్‌హిల్, స్మాల్ హీత్ లాంటి పేద పేటల్లో నల్ల సంచులు నడుమెత్తున పడి ఉన్నాయి, వాటిలో ఎలుకలు. కౌన్సిల్ చెత్త వాహనం ఫలానా వీధికి వస్తుందంటే జనం సంచులు మోసుకుని వరుస కట్టారు. ఈ మొత్తం కాలంలో లండన్ కమిషనర్లు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను పంపింది లెక్కలు చక్కదిద్దడానికి, వీధి చక్కదిద్దడానికి కాదు.

బర్మింగ్‌హామ్ పెద్ద ఊరు, పాత తప్పులు అని కొట్టిపారేయకుండా వోకింగ్ చూడండి. లండన్ పక్కన లక్ష జనాభా ఉన్న చిన్న కౌన్సిల్. అప్పు తెచ్చి ఆకాశహర్మ్యాలు, హిల్టన్ హోటల్ కడితే అద్దెలతో ఊరు బతుకుతుందని లెక్క వేసుకుంది. 2023 జూన్‌లో సెక్షన్ 114 నోటీసు వచ్చేనాటికి ఆ ఏడాది చేతిలో ఉన్న ప్రధాన రాబడి 1.6 కోట్ల పౌండ్లు, లోటు 120 కోట్ల పౌండ్లు. ఇంత చిన్న కౌన్సిల్‌కు అంత అప్పు ఎవరిచ్చారు? వాణిజ్య బ్యాంకులు అయితే కనీసం తాకట్టు అడిగేవేమో. ప్రధానంగా ఇచ్చింది పబ్లిక్ వర్క్స్ లోన్ బోర్డు, అంటే లండన్ ఖజానాకే ఒక కిటికీ. ఒక కిటికీలోంచి అడిగినంత అప్పు ఇచ్చారు, వేరే గుమ్మంలోంచి కమిషనర్లను పంపారు. అద్దెల మీద లాభం కోసమే ఆస్తులు కొనేవారికి ఆ అప్పు ఇవ్వకూడదని నిబంధన బిగించింది 2020 నవంబరులో. అప్పటికే చాలా కౌన్సిళ్లు మునిగాయి. వోకింగ్ అప్పులో 50 కోట్ల పౌండ్లు తానే తీరుస్తానని 2025 అక్టోబరులో ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. మిగిలింది కొత్తగా ఏర్పడే వెస్ట్ సర్రే కౌన్సిల్ నెత్తికెక్కుతుంది. అంటే హోటల్ కట్టాలన్న తీర్మానానికి ఏ సంబంధమూ లేకుండా అదే కౌన్సిల్‌లో కలిసే గిల్డ్‌ఫర్డ్ జనం కూడా భాగస్వాములవుతారు.

నాటింగ్‌హామ్‌ది ఇంకో రకం. పేదలకు చవకగా కరెంటు అమ్ముతామని రాబిన్ హుడ్ ఎనర్జీ అని ఒక కంపెనీ పెట్టి దాదాపు 3.8 కోట్ల పౌండ్లు పోగొట్టుకుంది. దోచి పంచిపెట్టినవాడి పేరు పెట్టుకుని పంచడానికి ముందే పోగొట్టుకోవడం విచిత్రం. నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ 5.3 కోట్ల పౌండ్లతో కొత్త ప్రధాన కార్యాలయం కట్టుకుంటే 2017 అక్టోబరులో సంబంధిత మంత్రి సాజిద్ జావిద్ స్వయంగా ప్రారంభించారు. 2018 జనవరిలో అదే మంత్రి ఆ కౌన్సిల్ మీద విచారణకు మాక్స్ కాలర్ అనే అధికారిని పంపారు. ఫిబ్రవరి 2న సెక్షన్ 114 నోటీసు. ఆ భవనాన్నే అమ్మి, తిరిగి అద్దెకు తీసుకున్నారు. మూడేళ్లకు కౌన్సిలే రద్దయింది. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన రోజు మంత్రికి ఖాతా పుస్తకం ఎవరూ చూపించలేదా? చూపించినా చదవలేదా? బర్మింగ్‌హామ్‌కు కమిషనర్ల నాయకుడిగా వచ్చింది ఆ మాక్స్ కాలరే.

అసలు జబ్బు ఖాతా పుస్తకంలోనే ఉంది. 1983 నుంచి ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థల లెక్కల మీద ఆడిట్ కమిషన్ అనే కాపలా ఉండేది. ఖర్చు దండగ అని 2010లో దాన్ని ఎత్తేస్తామని ప్రకటించి, 2015 మార్చి 31న మూసేశారు. ఆడిట్ ప్రైవేటు సంస్థలకు వెళ్లింది. ఫీజులు తగ్గాయి, ఆడిటర్లు దొరకలేదు, పని ఆలస్యమైంది. 2023 సెప్టెంబరు చివరికి పేరుకుపోయిన ఆడిట్ కాని ఖాతాలు 918. ఆ ఏడాది గడువులోగా ఆడిట్ అయిన లెక్కలు ప్రకటించిన సంస్థలు నూటికి ఒకటి. ఈ గుట్ట తరగకపోయేసరికి ప్రభుత్వం 2024 డిసెంబర్ 13న గడువు గీత గీసింది. ఆలోగా చూడలేకపోతే 'చూడలేదు కాబట్టి అభిప్రాయం చెప్పలేం' అని రాసి ఆడిటర్ ఫైలు మూసేయవచ్చు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం మన సామెత. ఇక్కడ కుక్కకు మొరగక్కర్లేదని సర్కారే ఉత్తర్వు ఇచ్చింది.

దీని ఫలితం బర్మింగ్‌హామ్‌కే ఎదురు తిరిగింది. ఆ 76 కోట్ల బాకీ లెక్క అతిగా కట్టారని తర్వాత పరిశోధకులు వాదించారు. వాళ్ల మాటే ఒప్పని మేం అనడం లేదు. కానీ ఆస్తుల అమ్మకం, ఉద్యోగాల కోత, పన్ను పెంపు అన్నీ ఆడిట్ కాని అంకె మీద ఆధారపడి జరిగిపోయాయి. అంకె తప్పని తేలినా అమ్మిన భవనం వెనక్కి రాదు. పైనుంచి వచ్చే పర్యవేక్షణకు కింద నిజమైన లెక్క లేకపోతే, కమిషనర్ ఎంత సమర్థుడైనా చీకట్లో కత్తిరించాల్సిందే.

మన సంగతికి వద్దాం. మన కేంద్రానికి నగరాల మీద కమిషనర్లను పంపే అధికారం లేదు. స్థానిక సంస్థలు రాష్ట్రాల పరిధిలోవి. ఢిల్లీ చేతిలో ఉన్నది కుళాయి మాత్రమే, ఇవ్వడం లేదా ఆపడం. ఆ కుళాయి కట్టేస్తే ఎండేది ఎవరి గొంతో మనకు అనుభవమే. తెలంగాణలో పంచాయతీల గడువు 2024 జనవరి ఆఖరుకు తీరింది. 2025 డిసెంబర్ దాకా ఎన్నికలు జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి. ఎన్నికలు ఆపింది ఊరు కాదు, శిక్ష ఊరికి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం సొమ్ము పంచాయతీ ఖాతాల నుంచి విద్యుత్ బకాయిల కింద సర్దుబాటైపోతే, ఖాళీ పాసుపుస్తకాలు చూసుకుని సర్పంచులు పార్టీలతో నిమిత్తం లేకుండా రోడ్డెక్కారు. అంత జరిగినా ముందుగా అడ్డుకున్న పర్యవేక్షణ ఏదీ లేదు.

ఇప్పుడు ఆ ఢిల్లీయే అప్పు చేయమంటోంది. వంద కోట్ల బాండ్లకు 13 కోట్ల చొప్పున ప్రోత్సాహకం కూడా ఇచ్చింది. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు 8.90 శాతానికి అమ్మింది. ఆ ఆగస్టులో 195 కోట్లకు 9.38, 2019 ఆగస్టులో 100 కోట్లకు 10.23 శాతం వడ్డీ పడింది. ఏడాదిన్నరలో వడ్డీ ఎటు నడిచిందో చూడండి. విశాఖ 2018 డిసెంబరులో 80 కోట్లు తెచ్చింది. ఇవి తీర్చలేని అప్పులని మేం అనడం లేదు. వోకింగ్‌లో కూడా మొదటి అప్పు తీర్చగలిగేదే. రేపు చిన్న మున్సిపాలిటీలు ఒక సలహాదారు సంస్థ చేసిచ్చిన ప్రాజెక్టు నివేదికతో బ్యాంకు మెట్లెక్కే రోజు వస్తోంది. షాపింగ్ కాంప్లెక్సు అద్దెలతో వాయిదాలు కట్టేస్తామని ఆ నివేదికలో రంగుల పట్టిక ఉంటుంది. ఖాళీ షట్టర్లతో పడి ఉన్న మున్సిపల్ కాంప్లెక్సు లేని పట్టణాలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని?

కాబట్టి తీర్మానం మీద చేతులు ఎత్తకముందే అడగాల్సినవి ఉన్నాయి. మన మున్సిపాలిటీకి ఆడిట్ పూర్తయిన చివరి ఆర్థిక సంవత్సరం ఏది? అందులో ఆడిటర్ పెట్టిన అభ్యంతరాల్లో ఎన్నింటికి జవాబిచ్చారు? కాంట్రాక్టర్లకూ, విద్యుత్ సంస్థకూ, పారిశుధ్య కార్మికుల పీఎఫ్‌కూ ఉన్న బాకీ ఎంత? అప్పు తీర్చడానికి ఆస్తిపన్ను రాబడిని విడి ఖాతాలో కట్టడి చేస్తే, జీతాలకు మిగిలేదెంత? ప్రాజెక్టు అనుకున్న రాబడిలో సగమే వస్తే వాయిదా ఎక్కడి నుంచి కడతారు? ఈ చివరి ప్రశ్నకు రాతపూర్వక జవాబు లేకుండా ఏ బ్యాంకు కాగితం మీదా సంతకం పడకూడదు.

ఆ జవాబులు ఎన్నికైన కౌన్సిల్ ఉన్నచోట సమావేశం అజెండాలో, ప్రత్యేకాధికారి పాలన ఉన్నచోట కార్యాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. రాష్ట్ర ఆడిట్ శాఖలోని ఖాళీలు అప్పుల దరఖాస్తులకంటే ముందు నింపాలి. ఇంగ్లండ్ ఆడిట్ కమిషన్‌ను మూసేసిన పదేళ్లకు లోకల్ ఆడిట్ ఆఫీస్ పేరుతో అలాంటిదే మళ్లీ పెట్టడానికి 2025లో బిల్లు తెచ్చింది.