చెంబూ, మూడు వంకాయలూ

అమ్మ వాడిన ఇత్తడి చెంబు అక్క వాటాకి వెళ్ళింది. సంక్రాంతికి వచ్చి పట్టుకెళతానంది. ఈలోగా దాన్ని ఆయిల్ రంగుల్లో దించుకుందామని పక్కన మూడు వంకాయలు పెట్టుకుని కూర్చున్నాను. 'ఈ వయసులోనా?' అని మావారు నవ్వారు. నవ్వనివ్వండి!

వెలుగు ఒక్క కిటికీలోంచే రావాలి. రెండోదానికి దుప్పటి కట్టేశాను. ముందు బర్న్‌ట్ అంబర్‌ని టర్పెంటైన్‌తో పల్చగా కలిపి నీడలు వేసుకోండి. పైపూతలకి వెళ్ళేకొద్దీ అవిసె నూనె పెంచాలి. ఇదివరకు నిమ్మకాయల బొమ్మకి నేను తిరగేసి చేశాను. అడుగుపూత ఆరకుండానే పైది ఆరిపోయి, కొన్నాళ్ళకి బీటలు తీసింది.

వంకాయ నల్లగా ఉంది కదాని నల్లరంగు పులమకండి, బొగ్గుముక్కలా ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలంలో అలిజరిన్ ఎరుపు, కాస్త అంబర్ కలపండి. మెరుపుకి చివర్న ఒక్క చుక్క తెలుపు చాలు. కాయలు వాడిపోకముందే వాటి పని కానిచ్చేసి, చెంబుని తీరుబడిగా వేసుకోవచ్చు.

అన్నట్టు, నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. ఆరుబయట విడివిడిగా పరవండి. టర్పెంటైన్ సీసాని పొయ్యి దరిదాపులకి రానివ్వద్దు.

అక్క వచ్చింది. బొమ్మ చూసి, "నూతిగట్టు మీంచి నేను పడేసినప్పటి సొట్ట కూడా వేశావే!" అంది. చెంబు సంచిలో పెట్టుకోవడానికి చాలాసేపే పట్టింది దానికి.